టిక్కు పెట్టని గౌను

"బుడ్డీ! సూదిలో దారం ఎక్కించి పోవే!"

చిలక చార్టు మీంచి తల ఎత్తలేదు. ఆ పిల్లకి చిలక అన్న పేరు ముక్కు వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది.

"నేను బుడ్డిని కాదు నానమ్మా, చిలకని! వెయ్యిసార్లు చెప్పాను."

"అవునవును, చిలకా. నోరు జారింది."

నానమ్మ నలభై ఏళ్ళు వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. ఇప్పుడు సూది కన్ను ఆమె కంటికి ఆనడం లేదు. చిలక విసుక్కుంటూ దారం ఎక్కించి, మళ్ళీ చార్టు ముందు బోర్లా పడుకుంది. రేపు స్కూల్లో 'మా కుటుంబం' చార్టు ఇవ్వాలి.

"నానమ్మా, నీకెంతమంది పిల్లలు?"

మిషన్ ఆగింది.

"ఇద్దరు."

చిలక చకచకా రెండు గళ్ళు గీసి, నాలిక కరుచుకుంది. "ఇద్దరేంటి? నాన్న ఒక్కడేగా! నువ్వు లెక్క కూడా మర్చిపోతున్నావు!"

రెండో గడి మీద వైట్‌నర్ పూసేసింది. గడి తెల్లబడింది. నానమ్మ ముఖం తెల్లబోయింది. చిలక గడిని మాత్రమే చూసింది.

నానమ్మ మిషన్‌కి మూత పెట్టి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. భోజనానికి పిలిచినా లేవలేదు.

చార్టులో తాతయ్య పుట్టినరోజు ఒకటే మిగిలింది. తాతయ్య లేడు, నానమ్మ పలకదు. నాన్నని అడిగితే బుర్ర గోక్కున్నాడు.

"తేదీ గుర్తులేదమ్మా. ప్రతి పుట్టినరోజుకీ నానమ్మ ఆయనకి చొక్కా కుట్టేది. బీరువా అడుగున పాత కొలతల పుస్తకాలుంటాయి, వెతుకు."

చిలక వెతికింది. దుమ్ముకి తుమ్ము, తుమ్ముకి మళ్ళీ దుమ్ము! పేజీల నిండా ఛాతీలు, నడుములు, పొడవులు, తేదీలు. పోస్ట్‌మాస్టర్ గారి నడుము ఏడాదికో అంగుళం ముందుకెళ్ళింది. బట్టలు ఇచ్చేసిన ప్రతిసారీ నానమ్మ ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టింది.

తాతయ్య చొక్కా దొరికింది. దాని కిందే ఇంకో పేరు.

'బుడ్డి. గౌను. మొదటి పుట్టినరోజు.' టిక్కు.

చిలక చెయ్యి ఆగింది. తర్వాతి పుస్తకం తీసింది. రెండో పుట్టినరోజు. మూడోది. నాలుగోది. ఏటేటా గౌను పొడవు పెరుగుతోంది. తొమ్మిదో గౌను పక్కన 'కదలకుండా నిలబడదు, కొలతకి దొరకదు' అని రాసి ఉంది. చిలకకి నవ్వొచ్చింది. తనూ అంతే.

పదోది. 'పసుపు గౌను. రెండు జేబులు కావాలట.' కొలతలన్నీ ఉన్నాయి. టిక్కు లేదు.

పదకొండో పుట్టినరోజు కోసం చిలక మిగిలిన పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు.

పుస్తకం గుండెకి హత్తుకుని నానమ్మ మంచం దగ్గరికెళ్ళింది.

"నానమ్మా... బుడ్డి ఎవరు?"

నానమ్మ లేచి కూర్చుంది. ఆ పేజీని వేలితో తడిమింది.

"నా కూతురు. గౌను బట్ట కత్తిరించాను. కుట్టేలోపే జ్వరం వచ్చింది. నాలుగు రోజులు... అంతే."

గుమ్మంలో నిలబడ్డ నాన్న లోపలికొచ్చాడు. "నేను పుట్టకముందు అక్క ఉండేదని విన్నానమ్మా. అడిగితే ఏడుస్తావని ఎప్పుడూ అడగలేదు."

"ఎవరూ అడగలేదని నేనూ చెప్పలేదురా."

నానమ్మ కుట్టులాగే గుట్టు కూడా ఇన్నేళ్ళూ ఊడలేదు. ఇప్పుడు ఊడింది. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"రెండు జేబులెందుకే అంటే, ఒకదాంట్లో తన గోళీలట. రెండోదాంట్లో పుట్టబోయే తమ్ముడి గోళీలట. తమ్ముడే పుడతాడని దాని పంతం."

నాన్న గబగబా పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

చిలక చార్టు తెచ్చి, నానమ్మ పక్కనే కూర్చుని, వైట్‌నర్‌ని గోటితో గీకింది. కాగితం కాస్త చిరిగింది. గడి మాత్రం బయటపడింది.

మర్నాడు టీచర్ ఎర్ర పెన్ను తీశారు.

"మీ అత్త వయసు తొమ్మిదా? పక్కన ఇంకో అంకె మర్చిపోయినట్టున్నావు."

"మర్చిపోలేదు టీచర్. మా అత్త నాకంటే ఏడాది చిన్నది."

టీచర్ ఆ చిరిగిన గడిని చూశారు. చిలకని చూశారు. పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

సాయంత్రం ముందు గదిలోంచి కేక వినిపించింది.

"బుడ్డీ! దారం!" అని, వెంటనే, "అయ్యో, చిలకా..." అంది నానమ్మ.

"ఆ, వస్తున్నా నానమ్మా!"

చిలక దారం ఎక్కించింది. ఈసారి వెళ్ళిపోలేదు. మిషన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పసుపు రంగే ఎందుకు కావాలంది?"