వంతెన పక్క ఎర్రచుక్క

పొద్దున్నే పేపరు విప్పి, తాను ఆ పేపరాఫీసులో గీసిన మ్యాపు చూసుకోగానే చిన్నకూతురి చేతిలో కాఫీ ఒలికిపోయింది.

మొగుడు కొడుతున్నాడని ఫోన్ వచ్చినా పోలీసులు వెళ్లని ఇళ్ల మ్యాపు అది. ఇంటికో ఎర్రచుక్క. ఏ ఇల్లో ఎవరూ పోల్చుకోకుండా ప్రతి చుక్కనూ రెండు వీధుల అవతలికి జరిపాకే అచ్చుకు పంపాలి. నగరం మ్యాపులో జరిపింది. పేజీ పంపే తొందరలో, పక్కనే కాలవగట్టును పెద్దది చేసి వేసిన బొమ్మలో మాత్రం మరిచిపోయింది. అక్కడ, వంతెన పక్క ఒంటరి ఇంటి మీద ఒక చుక్క.

అది అక్క ఇల్లు. ఇప్పుడే గమనించింది.

"అమ్మా, అక్కకి ఫోన్ చెయ్! ఉన్నపళంగా బయటికి వచ్చెయ్యమను!"

తల్లి ఫోన్ అందుకునేలోపే వీధి తలుపు దడదడలాడింది. గడియ ఊడిపడింది. నోటినిండా రక్తంతో అక్క లోపలికొచ్చి బోర్లా పడింది. వెనకే బావ. ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో ఇనుపరాడ్డు.

"ఏం మరదలా, మా కాపురం ఊరందరికీ బొమ్మేసి చూపిస్తావా? ఫోన్ చేసింది ఇదేగా?"

"నేను కాదు... ఒట్టు," అక్క మూలిగింది.

రాడ్డు లేచింది. చిన్నది అడ్డం వెళ్లింది. మోచెయ్యి పుటుక్కుమంది. మౌస్ పట్టే చెయ్యి.

"చేసింది నేనురా!"

అరిచింది తల్లి. నాలుగేళ్లుగా కూతురికి 'సర్దుకోవే' తప్ప ఇంకో మాట చెప్పని, అల్లుణ్ణి ఏనాడూ 'మీరు' తప్ప అనని తల్లి.

రాడ్డు వదిలేసి, అతను ఆమె గొంతు పట్టి గోడకు అదిమాడు. ఆమె కళ్లు తేలేసింది. అక్క ఎప్పుడు లేచిందో, వంటింటి స్టూలు ఎప్పుడు ఎత్తిందో ఎవరికీ తెలీదు. ఒక్క దెబ్బతో ఆపలేదు. అతను కూలేదాకా కొట్టింది.

అరుపులకు పరిగెత్తుకొచ్చిన పక్కింటివాళ్లు అతని చేతులు విరిచి కట్టేశారు. పోలీసులకు ఫోన్ చేశారు.

"ఒకరోజు మీ ఇంటికొచ్చి, వాడు నిన్ను కొట్టడం కిటికీలోంచి చూశానే," తల్లి దగ్గుతూనే ఏడ్చింది. "తలుపు కొట్టే ధైర్యం లేక, వంతెన మీంచి ఫోన్ చేశా. పోలీసులు రాలేదు. నేనూ వెనక్కి రాలేదు."

"తప్పు నాదక్కా. ఆ చుక్క జరపాల్సింది."

అక్క నేల మీద నలిగిన పేపరును దగ్గరికి లాక్కుంది. తన ఇంటి మీదున్న చుక్కను వేలితో తడిమింది.

"నాకెవరూ లేరనుకున్నానే, అమ్మా," అంటూ తల్లి ఒళ్లో తల పెట్టేసింది.