మూడో పెనానికి తృప్తి పరీక్ష

"ఇంకా ఎంతసేపు తిప్పమంటారు?" అన్నాడు పోలినాయుడు.

"మామూలుగా ఎంతసేపు తిప్పుతారో అంతసేపే. నేనిక్కడ లేననుకోండి," అంది డాక్టర్ మృణాళిని.

లేదని ఎలా అనుకుంటాడు? ఆవిడ నాలుగడుగుల దూరంలో తెర ముందు కూర్చుని ఉంది. పోలినాయుడి నెత్తిన పల్చటి రబ్బరు టోపీ, ఎదురుగా గ్యాస్ పొయ్యి మీద చిన్న పెనం, పెనంలో కుతకుతలాడుతున్న చెరకు రసం. చుట్టూ అద్దాల గోడలు, ఏసీ చల్లదనం. ముప్ఫై ఆరేళ్లు చెరకు పిప్పి మంట మీద పాకం పట్టినవాణ్ణి తీసుకొచ్చి అద్దాల గదిలో బెల్లం వండమంటున్నారంటే ఇందులో ఏదో ఉంది. ఏమిటన్నది ఇంకా అంతుపట్టలేదు, అంతే.

శారదానగర్‌లో అప్పటికి మనిషి చేతి పనులు చాలావరకు పోయాయి. బస్సులకు డ్రైవర్లు లేరు, టికెట్లకు గుమాస్తాలు లేరు, చెరకు కొట్టేది కూడా యంత్రాలే. మిగిలిన పనులు తక్కువ కాబట్టి, అవి ఇష్టంగా చేసేవాళ్లకే దక్కాలని నగరపాలక సంస్థ ఒక వృత్తి సలహా కేంద్రం పెట్టింది. పని చేసే ప్రతివాడూ ఒకసారి అక్కడికి వెళ్లి టోపీ పెట్టుకోవాలి. చేస్తున్న పనిలో తృప్తి ఉందని తేలితే కార్డు ఇస్తారు. లేదని తేలితే ఆ పని మరొకరికి వెళుతుంది, ఇతనికి సరిపోయే పని వెతికి పెడతారు.

టోపీ కనిపెట్టింది డాక్టర్ మృణాళినే. అది పనిచేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. మన మెదడులో కొన్ని వేల నాడీకణాలు వరసగా మిణుకుమంటూ, గడుస్తున్న కాలాన్ని కొలుస్తుంటాయి. విసుగు పుట్టే పనిలో అవి గట్టిగా మిణుకుమంటాయి. అందుకే నచ్చని పనిలో పది నిమిషాలు గంటలా సాగుతుంది. మనసు పనిలో మునిగిపోతే ఆ మిణుకు ఆగుతుంది, మనిషి కాలం మర్చిపోతాడు. టోపీ ఆ మిణుకుని పట్టుకుని తెర మీద రంపం పళ్లలా గీస్తుంది. పళ్లు పోయి గీత చదునైందంటే తృప్తి ఉన్నట్టే. గంటలో పది నిమిషాలు చదునైతే కార్డు వస్తుంది.

పోలినాయుడి గీత మొదటినుంచి చివరిదాకా పళ్లతోనే నడిచింది.

"ఒక్క క్షణం కూడా ఆగలేదు నాయుడు గారూ," అంది మృణాళిని. ఆవిడ గొంతులో జాలి ఉంది. "ముప్ఫై ఆరేళ్లు ఈ విసుగు ఎలా భరించారు?"

"నాకు విసుగని ఎవరు చెప్పారమ్మా?"

"మీ మెదడే చెబుతోంది."

"నా మెదడు నాతో ఒక్క ముక్క చెప్పకుండా మీతో చెప్పిందేటి?"

బెల్లం సొసైటీలో పన్నెండు పెనాలున్నాయి. మూడోది పోలినాయుడిది. అంతకు ముందు వాళ్ల నాన్నది, ఇంకా ముందు తాతది. నెలాఖరుకి దాన్ని అప్పగించాలని కాగితం వచ్చింది. రెండో పరీక్షకు ఒక్క అవకాశం ఉంటుందని కింద చిన్న అక్షరాలతో ఉంది.

"ఇది ఆ సొసైటీ సెక్రటరీ పనే," అన్నాడు ఇంటికొచ్చి. "మూడో పెనం మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. తనవాణ్ణెవడినో తెచ్చి కూర్చోబెడతాడు, చూసుకో."

భార్య నూకరత్నం విప్పదీసిన నీళ్ల మోటారు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. యాభై ఏళ్లు వచ్చేదాకా జీడిపిక్కలు ఒలిచి వేళ్లు నల్లబడ్డ మనిషి. రెండేళ్ల కిందట ఈ కేంద్రమే ఆమెకు ఇరవై రకాల పనులు చూపించింది. మోటారు తీగచుట్ట చేతికిచ్చిన దగ్గర గీత చదునైంది. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు పేటల మోటార్లు ఆమె దగ్గరికే వస్తాయి.

"టోపీ నాకు అబద్ధం చెప్పలేదయ్యా. అది లేకపోతే ఇప్పటికీ ఆ జీడి జిగురులోనే ఉండేదాన్ని."

"నీకు నిజం చెప్పింది నన్ను నమ్మించడానికేనే!"

నూకరత్నం స్క్రూడ్రైవర్ ఆపి మొగుడి మొహం చూసింది. "రెండేళ్ల ముందే? నీ ఒక్కడి కోసం? నువ్వంత గొప్పవాడివని నాకు తెలీనేలేదు సుమీ."

నెలాఖరు కాగానే మూడో పెనానికి కామేశం అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్ల నెమ్మదస్తుడు, ఒకప్పుడు బస్టాండులో టికెట్ గుమాస్తా. పోలినాయుడు నాలుగు రోజులు తిరిగి అతని పుట్టుపూర్వోత్తరాలు లాగాడు. అతని మేనమామలు, తోడల్లుళ్లు, అదే ఇంటిపేరున్న ప్రతివాడూ ఎక్కడివాళ్లో ఆరా తీశాడు. సెక్రటరీకీ కామేశానికీ ఏ వైపు నుంచీ చుట్టరికం దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఇంత శుభ్రంగా సంబంధం లేకుండా ఉందంటే ఎవరో పనిగట్టుకుని తుడిచేసే ఉంటారు.

అయిదో రోజున సొసైటీ వైపు నుంచి మాడు వాసన కొట్టింది. పోలినాయుడు పరుగెత్తాడు. మూడో పెనంలో పాకం బొగ్గులా మారి అడుగంటింది. పక్కన తెడ్డు పట్టుకుని కామేశం ఏడుస్తున్నాడు. వారంలో ఇది రెండో పెనం.

"నురుగు రంగు మారుతుంటే చూస్తూ ఉండిపోయాను నాయుడు గారూ," అన్నాడు. "పసుపు, తేనె రంగు, మళ్లీ ఎర్రదనం. ఇంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. కేంద్రంలో నా గీత నలభై నిమిషాలు చదునైందట."

తిట్టడానికి వచ్చిన పోలినాయుడు ఆ మొహం చూశాక గొంతు తగ్గించాడు. "చూడ్డం కాదయ్యా," అన్నాడు. "నడవాలి."

"ఎక్కడికి?"

"వీధిలోకి."

ఆ ముక్క చెబుతూ ఉండగానే పోలినాయుడి బుర్రలో ఏదో తట్టింది. కామేశాన్ని అక్కడే వదిలేసి తిన్నగా కేంద్రానికి వెళ్లాడు.

డాక్టర్ మృణాళిని టీ తాగుతోంది. కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"అమ్మా, మా తాతల కాలంలో గడియారాలు లేవు. పెద్ద బుడగలు పోయి చిన్న బుడగలు లేచాయంటే పాకం దగ్గరపడుతోందని లెక్క. ఆ క్షణాన పెనం ముందున్న మనిషి మనసులో మా పేట వీధి మొదట్లో నిలబడాలి. అక్కణ్ణుంచి గడప గడపకీ నడవాలి. మొదటిది కుమ్మరి వాళ్లది, రెండోది మునసబు గారిది. అలగ నలభై రెండు గడపలు. చివరిది మా మేనత్తది. ఆవిడ గడప తొక్కేసరికి పెనం దింపెయ్యాలి. లేత చెరకైతే గడపకో పలకరింపు పలకరించి నెమ్మదిగా నడుస్తాం. ముదురు చెరకైతే ఎవరినీ పలకరించకుండా గబగబా పోతాం. ఆ ఇళ్లు ఇప్పుడు లేవు, బస్సు డిపో కట్టేశారు. మనుషులు కూడా లేరు. అయినా నేను రోజుకి నాలుగుసార్లు ఆ వీధిలో నడుస్తాను."

మృణాళిని కప్పు కింద పెట్టింది. "అంటే పని చేస్తున్నంతసేపూ మీరు కాలాన్ని కొలుస్తూనే ఉంటారు."

"కొలవడమే కదమ్మా పని!"

"టోపీకి అది విసుగులా కనబడుతుంది," అంది ఆవిడ మెల్లగా. "కానీ నాయుడు గారూ, మేం నలభై వేల మందిని పరీక్షించాం. గీత చదునైనవాళ్లంతా ఆ తర్వాత సంతోషంగా ఉన్నారు."

"ఆ నలభై వేలలో ముందునుంచీ పాకం పట్టేవాళ్లెంతమంది?"

ఆవిడ కంప్యూటర్‌లో వెతికింది. చాలాసేపు వెతికింది.

"ఒకరు," అంది. "మీరే. మిగతా పదకొండు మంది వంతు వచ్చే వారం."

ఆవిడ ఒప్పుకున్న తీరు పోలినాయుడికి నచ్చింది. నచ్చిందని గమనించగానే మళ్లీ జాగ్రత్తపడ్డాడు. ఇంత సులువుగా ఒప్పుకునేవాళ్లను ఎక్కువగా కనిపెట్టి ఉండాలి.

"రెండో పరీక్ష మీ సొసైటీలోనే పెడతాను," అంది మృణాళిని. "మీ పెనం, మీ మంట. అయితే ఇదే ఆఖరిది. ఈసారి కూడా పళ్లే వస్తే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు."

శనివారం పొద్దున్న మృణాళిని తెరా టోపీ పట్టుకుని సొసైటీకి వచ్చింది. మిగతా పదకొండు మంది పాకందారులూ పనులాపి చుట్టూ చేరారు. వచ్చే వారం తమ నెత్తినా ఆ టోపీ ఎక్కుతుంది. నూకరత్నం, కామేశం కూడా వచ్చి గోడ వారగా నిలబడ్డారు.

పోలినాయుడు పొయ్యిలో పిప్పి ఎగదోశాడు. రసం కాగింది. సున్నపు తేట పోశాడు. బెండకాడల జిగురు కలిపి, పైకి తేలిన మడ్డి తోడి పారబోశాడు. అంతసేపూ తెర మీద పళ్లు బారులు తీరి నడిచాయి. పెద్ద బుడగలు పోయాయి. చిన్న బుడగలు లేచాయి. పోలినాయుడు వీధి మొదట్లో నిలబడ్డాడు.

కుమ్మరి వాళ్ల గడప, మునసబు గారి గడప. మూడు, నాలుగు, అయిదు. తొమ్మిదో గడప దగ్గర ఓరకంట తెర వైపు చూశాడు.

మృణాళిని ఏదో మీట నొక్కింది.

ఎందుకు నొక్కినట్టు? పళ్లు కాస్త చిన్నవయినట్టు అనిపించింది. లేక పెద్దవయ్యాయా? ఆవిడ వేలు మీట మీదే ఆగి ఉంది. పోలినాయుడు ఆ వేలు మీదే కన్ను పెట్టాడు. వేలు లేచింది. పక్క మీట మీదికి పోయింది. అక్కడ నొక్కలేదు, తట్టి వదిలేసింది. తట్టినప్పుడల్లా ఏదో జరుగుతోందా? తను ఊపిరి బిగబడితే పళ్లు మారతాయా? బిగబట్టి చూశాడు. వదిలి చూశాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసింది? అంత దూరానికి అక్షరాలు కనబడవు గానీ చెయ్యి కదలిక కనబడుతుంది. అంకె వేసినట్టుంది. ఏడు? కాదు, ఒకటి. అదిగో, మళ్లీ మీట దగ్గరికి పోతోంది. ఇన్నాళ్లకి మోసం చేతికి చిక్కబోతోంది. ఇంకొక్కసారి నొక్కితే చెయ్యి పట్టేసుకోవచ్చు...

"ఏమయ్యా! పెనం! పెనం చూడవయ్యా!"

నూకరత్నం కేకకి ఉలిక్కిపడ్డాడు. పెనం మీద నల్లటి పొగ. ఇద్దరు మనుషులు ఉరికి వచ్చి కర్రలు దూర్చి పెనం దింపారు. అప్పటికే అయిపోయింది. ముప్ఫై ఆరేళ్లలో పోలినాయుడు మాడ్చిన మొదటి పెనం అది.

అంతలో తెర పక్కనున్న డబ్బా కిర్రుమంది. దాని సందులోంచి ఒక కార్డు బయటికొచ్చింది.

మృణాళిని దాన్ని తీసి రెండుసార్లు చదివింది. తెర మీద గీత గాజు పలకలా చదునుగా ఉంది. పన్నెండు నిమిషాలు.

"ఏటమ్మా, పోయినట్టేనా?" అన్నాడు పోలినాయుడు తల దించుకుని.

"లేదు," అంది ఆవిడ. కార్డు మీదున్నది పైకి చదివింది. "బెల్లం పాకం. ఈ పనిలో పూర్తి తృప్తి. మార్పు అవసరం లేదు."

"ఏటేటీ?"

"మూడో పెనం మీదే నాయుడు గారూ. జీవితాంతం."

నూకరత్నం పకపకా నవ్వింది. ఆమె నవ్వుకి కామేశం కూడా కళ్లు తుడుచుకుని నవ్వబోయి మానేశాడు. పోలినాయుడు కార్డు తీసుకోలేదు. "ఇది తప్పమ్మా. నేను పెనం చూడలేదు. మీ వేలు చూశాను. మీరు మోసం చేస్తుంటే పట్టుకుందామని."

"నాకూ అర్థమైంది," అంది మృణాళిని. "ఆ మీట తెర వెలుతురు పెంచేది. ఎండ పడుతోందని నొక్కాను. కానీ మెదడు దేన్ని చూసి కాలం మర్చిపోయిందో ఈ టోపీ చెప్పలేదు. మర్చిపోయిందనే చెబుతుంది. వచ్చిన కార్డు రద్దు చేసే అధికారం నాకు లేదు. పైకి రాస్తాను. పాకందారులకు వేరే పరీక్ష కావాలని రాస్తాను."

"రాస్తే?"

"కమిటీ వేస్తారు. ఒక ఏడాది పట్టొచ్చు."

"మరి మా పరీక్షలు?" అన్నాడు వెనకనుంచి ఏడో పెనం అసిరయ్య.

"సోమవారం నుంచే, ఇక్కడే," అంది ఆవిడ. అని, నేల చూస్తూ సామాను సర్దుకుంది.

ఆవిడ వెళ్లాక పోలినాయుడు పెనం ముందు గొంతుక్కూర్చుని రేకుముక్కతో మాడు గోకడం మొదలుపెట్టాడు. పదకొండు మందీ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"మావా," అన్నాడు అసిరయ్య. "గడపలు ఎలా లెక్కపెట్టాలో మాకు నేర్పినవాడివి నువ్వే. ఇప్పుడు ఎలా మర్చిపోవాలో కూడా నువ్వే చెప్పాలి. లేకపోతే సోమవారం నా పెనం పోద్ది."

"పొండి ఎదవల్లారా. పెనం మాడ్చడం నేర్పుతానేటి నేను?"

"నువ్వు మాడ్చావు, నీకు పెనం ఉంది. మేం మాడ్చకపోతే మాకు ఉండదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో."

పోలినాయుడు చాలాసేపు గోకాడు. మాడు రాలేదు. చివరికి రేకుముక్క పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"చిన్న బుడగలు లేవగానే పెనం వైపు చూడకండి. డాక్టరమ్మ వేలు వైపు చూడండి. ఆవిడ మనల్ని మోసం చేస్తోందని గట్టిగా నమ్మండి. ఆ తర్వాత సంగతి పెనమే చూసుకుంటుంది."

"నిజంగా మోసం చేస్తోందా మావా?"

"లేదురా. చాలా మంచి మనిషి," అన్నాడు పోలినాయుడు. "కష్టమంతా అక్కడే."

శుక్రవారం సాయంత్రానికి పదకొండు పెనాలూ మాడాయి. మర్నాడు కేంద్రం ముందున్న బోర్డు మీద, శారదానగర్‌లో అందరికంటే తృప్తిగా పనిచేస్తున్నవాళ్ల పట్టికలో, బెల్లం వండేవాళ్లు మొదటి స్థానానికి ఎక్కారు.