పళ్లచక్రాలకు మిషన్ ఆయిల్

“ఈ ఇంజన్‌ని నూనెలో ముంచింది ఎవరు?”

ఆ అమ్మాయి అడిగిన తీరుకి ఆమె బొమ్మరైళ్ల షాపులో ఉన్న మగాళ్లిద్దరూ గతుక్కుమన్నారు. ఒకరు ఆమె తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు. రెండోవాడు పక్క షాపులో కుట్టుమిషన్లు బాగుచేసే కుర్రాడు. అసలు దొంగ వాడే.

నిన్న ఆమె లేనప్పుడు ఇంజన్ కీచుమంటుంటే, తన ఆయిల్ డబ్బా తెచ్చి సందు సందునా ధారాళంగా పోశాడు. కుట్టుమిషన్ల వైద్యుడికి తెలిసిన మందు అదొక్కటే మరి! ఆమె మెచ్చుకుంటుందని ఆశ కూడా.

వాడు నోరు తెరిచేలోపే మాస్టారు అందుకున్నారు. “నేనేనమ్మా. చెయ్యి వణికి కాస్త ఎక్కువ పడింది.” చెప్పి వాడికేసి కన్ను గీటారు.

హమ్మయ్య అనుకున్నాడు వాడు. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇక లాభం లేదు నాన్నా, మీ చెయ్యి నిలవడం లేదు. సాయంత్రం బొమ్మరైళ్ల క్లబ్బు ప్రదర్శనలో ఇంజన్ నేనే నడుపుతాను. మీరు దీన్ని ముట్టుకోవద్దు.”

మాస్టారు తలూపారు. ఆ ఇంజన్ ఆయన మూడేళ్లు కూర్చుని చేసుకున్నది.

కుర్రాడు ఇంజన్‌కేసి చూశాడు. నిజం చెబితే ఈమె మళ్లీ మొహం చూడదు. ఏడాదిగా ఆమె కోసమే ఏదో ఒక వంకతో ఈ గుమ్మం తొక్కుతున్నాడాయె. చెప్పకపోతే ఆ పెద్దాయన చేతుల్లోంచి ఇంజన్ పోతుంది.

“పోసింది నేను,” అన్నాడు. “నన్ను కాయడానికి మాస్టారు అబద్ధమాడారు.”

“నువ్వా! ఏం నూనె?”

“మిషన్ ఆయిల్. చాలా మంచిది…”

“ఏడ్చినట్టుంది! ప్లాస్టిక్ పళ్లచక్రాలకి అన్ని నూనెలూ పడవు. కొన్నిటికి ఉబ్బుతాయి, పగులుతాయి. పట్టాల మీద కారిందంటే ఇంజన్ ఎత్తు ఎక్కదు. బుద్ధుందా నీకు?”

“లేదు. నేర్పితే వస్తుంది.”

ఆమె నవ్వలేదు గానీ, పక్కన ఇంకో స్టూలు వేసింది.

బయట సన్నగా వాన పడుతోంది. చక్రాలన్నీ విప్పి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టారు. ఆమె భూతద్దంతో ఒక్కో పన్నూ చూస్తుంటే వాడు లైటు పట్టుకున్నాడు. అదృష్టం, ఎక్కడా పగుళ్లు లేవు.

“ఇరుసు లోహం. పల్చటి నూనె, సూది మొనతో ఒక్క చుక్క. ప్లాస్టిక్ పళ్లకి దానికి పడే గ్రీజు, ఆవగింజలో సగం.”

“మరి పట్టాలకి?”

“ఏమీ వద్దు. ముఖ్యంగా నీ చెయ్యి వద్దు.”

సాయంత్రం క్లబ్బులో ఆమె కంట్రోలర్ తండ్రి చేతిలోనే పెట్టింది. వేళ్లు వణుకుతూనే ఉన్నా ఆయన మీట నెమ్మదిగా తిప్పారు. ఇంజన్ ఆరు పెట్టెల్ని లాక్కుంటూ, చప్పుడు లేకుండా ఎత్తు ఎక్కేసింది. మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

మాస్టారి వెనక నిలబడ్డ కుర్రాడి పక్కకి ఆమె వచ్చింది.

“నా కోపం ఇంకా పోలేదు. కానీ నాన్న దాచినా నువ్వు దాక్కోలేదు చూడు… అందుకే నువ్వంటే నాకిష్టం.”

వాడు చటుక్కున ఆమెకేసి తిరిగాడు. “ఏమన్నావు?”

“మళ్లీ చెప్పను.”

“నాకు వినపడిందిరా అబ్బాయ్,” అన్నారు మాస్టారు, రైలు మీంచి చూపు తిప్పకుండానే. “నాకు పూర్తిగా సమ్మతమే. నువ్వు ఆమెకి జవాబు చెప్పు ముందు.”