రూటు తప్పిన బీరు

మొదటి గుక్కకే నాకు అమృతాంజనం సీసా గుర్తొచ్చింది.

ఎనభై ఐదు వేసవి. అరోరా అనే ఊళ్ళో, నది ఒడ్డున పార్కులో మన తెలుగువాళ్ళ పిక్నిక్. ఎండ మాడ్చేస్తోంది. ఐస్ పెట్టెలో చెయ్యి పెట్టి, కోకాకోలా అనుకుని ఒక క్యాన్ తీసి గటగటా ఎత్తాను. ఎత్తింది ఎత్తినట్టే గడ్డి మీద ఉమ్మేశాను.

"ఎవరండీ ఇందులో అమృతాంజనం కలిపింది?" అన్నాను పైకే.

"అది రూట్ బీర్. తెచ్చింది నేను," అంది వెనక నుంచి ఒక గొంతు. "నువ్వు ఉమ్మింది నా ఫేవరెట్ డ్రింక్."

తిరిగి చూశాను. జీన్స్, పొడుగు జడ, ముక్కు మీద కోపం. డాక్టర్ యజ్ఞనారాయణగారి అమ్మాయి రేణు. మూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిందట, తెలుగు మాటలన్నీ కాస్త గుండ్రంగా వస్తాయి. కోపంలో కూడా ఒక మనిషి ఇంత బాగుండటం అన్యాయం అనిపించింది.

"సారీ అండీ. నాకు అలవాటు లేదు."

"నీ పేరేంటి?"

"శ్యామ్‌సుందర్."

"చూడు షామ్, ఇది పేరుకే బీర్, వేళ్ళతో చేసే కూల్‌డ్రింక్. రూట్ బీర్లన్నీ ఒకటి కావు. ఎ అండ్ డబ్ల్యూ స్మూత్‌గా ఉంటుంది. హైర్స్‌లో హెర్బ్స్ తెలుస్తాయి. డ్యాడ్స్ అన్నిటికంటే బెస్ట్. నీకు నచ్చే బ్రాండ్ ఎక్కడో ఉంటుంది. నేను కనిపెడతాను."

కనిపెట్టడానికి శనివారాలు నిర్ణయించింది. ప్రతి శనివారం కాగితం కప్పులు, ఐస్, ఏదో ఒక కొత్త సీసా. వాన పడితే నా పాత డాట్సన్ కార్లోనే కూర్చునేవాళ్ళం. పైన రేకు మీద చినుకులు టపటపలాడుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని ఒక్క చుక్క నాలిక మీద వేసుకునేది. కనుబొమలు ముడిచి, కాసేపు ఆలోచించి, "హైర్స్" అనేది. ఒక్కసారీ తప్పేది కాదు. ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రామ్ నిండా తప్పులున్నా నేనంత శ్రద్ధగా వెతకను. ఆ శ్రద్ధ చూడటానికి ఎంత దూరమైనా డ్రైవ్ చేసుకుని వెళ్ళొచ్చు.

నాకు మాత్రం అన్నీ తలనొప్పి మందే. అదే చెప్పేవాణ్ణి. నచ్చలేదంటే ఇంకో శనివారం ఉంటుంది కదా.

నేనుండేది బాబాయి ఇంట్లో. శశికళ పిన్ని తెనాలి నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నా వాలకం కనిపెట్టి, తనే రేణు వాళ్ళమ్మ నళినిగారి దగ్గర మాట కదిపింది. ఆదివారం వాళ్ళు మా ఇంటికి భోజనానికి రావాలి, సంబంధం ఖాయం చేసుకోవాలి. డాక్టరుగారు పట్టింపు మనిషి, ఇంటి ఆడవాళ్ళు స్వయంగా పిలిస్తేగానీ రారు. పిన్ని ఫోన్ చెయ్యడమే తరువాయి.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్ని మొహం మాడ్చుకుని కూర్చుంది.

"ఆ సంబంధం మనకొద్దురా శ్యామూ."

"ఏమైంది పిన్నీ?"

"ఆ పిల్ల మన స్టీలు గిన్నె ఇవ్వడానికొచ్చింది. కాఫీ ఇవ్వనా అమ్మా అంటే, వద్దు ఆంటీ, కార్లో డ్యాడ్స్ తాగి వచ్చానంది. అదేంటమ్మా అన్నాను. రూట్ బీర్ ఆంటీ అంది. వాళ్ళ నాన్న బీరట్రా. రూటు పొడుగునా తాగుతూ వచ్చిందట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నాన్నకి తెలుసా అనడిగాను. డాడీయే కేసులు కేసులు కొంటారు, డిన్నర్ తర్వాత అందరం కలిసి తాగుతాం అంది. నళినిగారు కూడానట. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంటారు."

"పిన్నీ, రూట్ అంటే దారి కాదు, వేరు. డ్యాడ్స్ అనేది బ్రాండ్ పేరు. అది కూల్‌డ్రింకు."

"పేరులోనే బీరని ఉంటే కూల్‌డ్రింకు ఎలా అవుతుందిరా? పిల్ల మీద మోజుతో నాకు కథలు చెప్పకు. నేను ఫోన్ చెయ్యను."

నిజం చెప్పగలిగిన బాబాయి ఆఫీసు పని మీద డల్లాస్‌లో ఉన్నాడు. ఎంత బతిమాలినా పిన్ని మెత్తబడలేదు. ఆదివారం దాటితే డాక్టరుగారు ఇంకెప్పుడూ మా గడప తొక్కరు. భయపడుతూనే మర్నాడు రేణుకి ఫోన్‌లో అంతా చెప్పాను. అవమానం అనుకుంటుందేమోనని నా బెంగ.

"రేపు ఆంటీ ఇంట్లో ఉంటారా?" అంది.

శనివారం మధ్యాహ్నం సంచీ నిండా సీసాలతో తిన్నగా మా వంటింట్లోకి వచ్చేసింది. పిన్ని రెండడుగులు వెనక్కి వేసింది.

"మీరు తాగొద్దు ఆంటీ. నేను తాగుతాను, మీరు చూడండి."

వరసగా మూడు గ్లాసులు ఖాళీ చేసింది. తర్వాత నేల మీద గళ్ళ గీత చూసుకుని, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనిస్తూ గోడ దాకా నడిచింది. ఇటు తిరిగి ఒంటికాలి మీద నిలబడింది.

"తాగారా లేదా అని పోలీసులు ఇలాగే టెస్ట్ చేస్తారు ఆంటీ. అ ఆలు కూడా చెప్తాను. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ..." అని ఆగిపోయింది. "ఇక్కడ నేను తాగకపోయినా ఆగిపోతాను."

పిన్ని ఎంత బిగబట్టినా నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే గ్లాసులో మిగిలిన నురగ వాసన చూసింది. మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది సుగంధిపాల వేళ్ళ వాసన కదూ?" అని భయంభయంగా అదే సీసాలోది ఒక గుక్క తాగింది. "ఒరేయ్, మా తెనాలి సుగంధి షర్బత్ లాగే ఉందిరా. ఎండాకాలం అమ్మ వేళ్ళు కాచి చేసేది."

ఇంకో సీసాలోది పోయించుకుంది. "ఇది కాస్త ఘాటు. మొదటిదే నయం."

"మొదటిది డ్యాడ్స్ ఆంటీ," అంది రేణు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"ఏమీ అనుకోకమ్మా. మీ ఇంటిల్లిపాదినీ ఎన్ని మాటలనుకున్నానో."

"పర్లేదు ఆంటీ. మమ్మీ కూడా ఫస్ట్ టైమ్ సింక్‌లో పోసేసింది."

ఇద్దరూ నవ్వుకున్నాక రేణు నా వైపు తిరిగింది. సంచీలోంచి ఆఖరి సీసా తీసి ఒక గ్లాసులో పోసి ఇచ్చింది.

"విస్కాన్సిన్‌లో చిన్న ఊళ్ళో చేస్తారు షామ్. ఇది కూడా నచ్చకపోతే నా దగ్గర ఇంకేం లేవు."

తాగాను. మళ్ళీ అదే మందు. బాగుందని ఒక్క మాటంటే ఎంత సంబరపడుతుందో నాకు తెలుసు. కానీ చుక్క చుక్కకీ అంత నిజాయితీగా రుచి చెప్పే మనిషి ముందు అబద్ధం నోటికి రాలేదు.

"నచ్చలేదు రేణూ. ఏ బ్రాండూ నచ్చదు. నువ్వు తాగుతుంటే చూడటం నచ్చింది. ఇన్ని శనివారాలూ అందుకే వచ్చాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

పిన్ని ఎదురుగా ఆ మాట ఎలా అనేశానో నాకే తెలియదు.

"నీకు నచ్చదని నాకు ఎప్పుడో తెలుసు," అంది రేణు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పోశావు?"

"నాకూ శనివారాలు కావాలి కదా."

అని నా చేతిలో గ్లాసు తీసుకుని, నేను వదిలేసింది మొత్తం తాగేసింది.

"అయ్యో, ఎంగిలే," అంది పిన్ని.

"తెలుసు ఆంటీ," అంది రేణు మూతి తుడుచుకుంటూ. "తెలిసే తాగాను."

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్ళి ఫోన్ తీసింది.

"నళినిగారూ, నేనండీ, శశికళని. రేపటిదాకా ఎందుకు, డాక్టరుగారిని తీసుకుని ఇప్పుడే రండి. మీ అమ్మాయి మావాడి ఎంగిలి తాగేసింది. ఇంక మనం మాట్లాడుకోవాల్సింది ముహూర్తం ఒక్కటేనండీ."