టిల్డె అల్లిన గుడ్డ

ఆ శనివారం పొద్దున ఎస్బెన్ వంటింట్లోకి వచ్చేసరికి సింకు పక్కన స్పాంజీ లేదు. అరలో ఉండాల్సిన కొత్త ప్యాకెట్టూ లేదు. కూతురు టిల్డె బల్ల దగ్గర కూర్చుని నల్లరొట్టె మీద వెన్న రాసుకుంటోంది.

విడాకులయ్యాక టిల్డె తల్లి హెల్లే పాత ఇంట్లోనే ఉండిపోయింది. ఎస్బెన్ ఆల్బోర్గ్ నగరంలో రేవు దగ్గర ఈ రెండు గదుల ఫ్లాట్‌కు మారాడు. పన్నెండేళ్ల టిల్డె ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర. పిల్ల లేని వారాల్లో అతను రేడియో పెట్టుకుని, సింకు దగ్గర నిలబడే ఏదో తినేసేవాడు.

"స్పాంజీలేవే?"

"పడేశా. అరిగేకొద్దీ వాటి ప్లాస్టిక్ పొడంతా నీళ్లలోకి పోతుంది నాన్నా. వాటి బదులు ఇదిగో." నూలుదారంతో అల్లిన గుడ్డ ఒకటి అతని చేతిలో పెట్టింది. ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. "మాసిపోతే వేడినీళ్లలో ఉతుక్కోవచ్చు. మాడిన గిన్నెలకి చెక్క బ్రష్షు కొందాం."

హెల్లే వంటింటి కొక్కేనికి ఎప్పుడూ అలాంటి గుడ్డలే వేలాడేవి. ఎస్బెన్ గుడ్డను పిడికిట్లో నలిపాడు.

"ఇది మీ అమ్మ ఇల్లు కాదు. ఇక్కడేం వాడాలో అక్కణ్నుంచి చెప్పించుకునే ఖర్మ నాకు లేదు!"

"అమ్మకీ దీనికీ ఏం సంబంధం? నానమ్మ నేర్పింది. నేనే అల్లా!"

"అక్కడ అన్నీ బాగుంటాయిగా. నీకిక్కడ నచ్చకపోతే..."

"వెళ్లిపోనా? అదేగా నీక్కావాల్సింది!" టిల్డె కత్తి పళ్లెంలో పడేసింది. "పోయిన వారం అమ్మతో ఫోన్లో అన్నావుగా, అది ఇక అక్కడే ఉంటే దానికే సుఖమని. నేను అమ్మ పక్కనే ఉన్నా. అంతా విన్నా."

ఎస్బెన్ ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"ఈ ఇంట్లో నాదంటూ ఒక్కటీ లేదు నాన్నా. నేను చేసిందొకటి ఉంటే, నేను లేని వారంలో కూడా నువ్వు రోజూ పట్టుకుంటావు కదా అని..." ఆపైన మాట ఏడుపులో కలిసిపోయింది.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. "నిన్ను వద్దనుకుని అనలేదే తల్లీ. నువ్వెళ్లగానే నీ గది తలుపు మూసేస్తాను, ఆ ఖాళీ చూడలేక. ఈ బోసి కొంపలో నిన్ను కట్టిపడేస్తున్నానని సిగ్గేసింది."

"సిగ్గేస్తే నన్నడగాలి. అమ్మనా అడిగేది?"

"తప్పే," అంటూ చేతిలో ఉన్నదాంతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

"అయ్యో, అది గిన్నెలకి!" అంది టిల్డె. ఏడుస్తూనే నవ్వేసింది.

కాసేపటికి అతను హెల్లేకు ఫోన్ చేశాడు. "నేనన్న మాట వదిలెయ్. నా వారాలు నాకు కావాలి." అవతల ఆమె ఏదో అడిగింది. "లేదు, పిల్ల కోసం కాదు. నా కోసమే," అన్నాడు.

టిల్డె కళ్లు తుడుచుకుని, "నాన్నా, నా లావు స్వెట్టర్ కూడా ఇక్కడికే పంపమని చెప్పు," అంది.