మెట్ల మూల దేవుళ్ళు

ఆ మండలాఫీసులో జాయినైన మొదటి రోజే మధులత మెట్ల మలుపులో ఆగిపోయింది. మూలలో మూడు టైల్స్ అతికించి ఉన్నాయి. ఒకదాని మీద రాముడు, ఒకదాని మీద శిలువ, ఇంకోదాని మీద నెలవంక.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?"

"నేనే మేడం," అన్నాడు సీనియర్ అసిస్టెంట్ చందర్ గర్వంగా. "ఇదివరకు ఈ మూలంతా గుట్కా ఉమ్ములే. దేవుళ్ళు వచ్చినంక ఒక్కడు ఉమ్మితే ఒట్టు!"

"సర్కారు బిల్డింగుల దేవుళ్ళేంది? ఆఫీసు అందరిది."

"అందుకే గదా, మూడు పెట్టిన."

"మరి అడవి లోపలి ఊర్ల నుంచి వచ్చేటోళ్ళ వేల్పులేరి? ఏ దేవుణ్ణీ మొక్కనోళ్ళ సంగతేంది? అయినా ఉమ్మేకాడ దేవుణ్ణి కావలి పెడతరా? జీతమన్న ఇస్తున్నరా?"

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. వాదనలో ఓడినందుకు కాదు, ఆమె తన పేరైనా అడగలేదే అని చందర్‌కు దిగులు పట్టుకుంది.

స్టాఫ్ మీటింగులో ఈ చర్చ రెండు గంటలు నడిచింది. నోట్లో కిళ్ళీ ఉండడంవల్ల అటెండర్ సారంగపాణి ఒక్కడే తటస్థంగా ఉన్నాడు.

చివరికి ఆఫీసర్ నిర్మలాదేవి తీర్పు చెప్పింది. "నెల రోజులు టైల్స్ తీసెయ్యండి. గోడ తెల్లగుంటే మధులత మాటే ఖాయం. ఎర్రబడితే దేవుళ్ళు మళ్ళ డ్యూటీలకొస్తరు."

"ఎర్రబడితే నేను గంత దూరం దమ్మపేటకు బదిలీ పెట్టుకుంట," అంది మధులత పౌరుషంగా.

చందర్ ఆ సాయంత్రమే టైల్స్ ఊడదీసి, సున్నం డబ్బా కొన్నాడు.

రెండో రోజు పొద్దున్నే గోడ మీద మూడు ఎర్ర మరకలు. ఆఫీసు తెరవకముందే చందర్ వాటిని రుద్ది కడిగి, సున్నం పూశాడు. ఇక రోజూ అదే పని.

"గింత పొద్దుగాల ఏం కొలువురా?" అంది వాళ్ళమ్మ అనంతమ్మ. "ఫస్ట్ షిఫ్టు బొగ్గుబాయిల మీ నాయినకు గదా!"

మధులత మాత్రం రోజూ మధ్యాహ్నం "అన్నం డబ్బా కడుక్కొస్త" అని చెప్పి అరగంట మాయమయ్యేది. ఒక్క డబ్బాకు అరగంటా! దమ్మపేటలో ఎవరో ఉన్నారు, ఫోన్లో మాట్లాడుతోంది అని చందర్ తేల్చేసుకున్నాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. సున్నం మాత్రం మానలేదు.

ముప్పయ్యో రోజు తెల్లారేసరికి వాన. చందర్ సున్నం డబ్బాతో తడుస్తూ వచ్చేసరికి, మెట్ల మూల దగ్గర చున్నీ నడుముకు బిగించి ఎవరో గోడ రుద్దుతున్నారు. వెనక్కి తిరిగితే మధులత. బుగ్గ మీద సున్నం.

"మీరా?" అన్నారు ఇద్దరూ.

"రోజూ మధ్యాహ్నం నేనే కడుగుతున్న. ఇయ్యాల ఆఖరి రోజని పొద్దుగాలే వచ్చిన," అంది ఆమె తలదించుకొని. "మనుషుల్ని నమ్మి పందెం కట్టిన. రెండో రోజే తెలిసొచ్చింది. మరి మీరెందుకు? ఎర్రబడితే గెలిచేది మీరే గదా?"

"దేవుళ్ళు మళ్ళొస్తరు. మీరు దమ్మపేట పోతరు." చందర్ డబ్బా కింద పెట్టాడు. "గట్ల గెలిచి నేనేం జేసుకోను?"

ఆమె బుగ్గ తుడుచుకోబోయి సున్నాన్ని చెవిదాకా పూసుకుంది.

కింద మెట్టు మీద సారంగపాణి దగ్గాడు. "పొద్దుగాల ఒకలు, మధ్యాహ్నం ఒకలు కడుగుతుంటే చూస్తనే ఉన్న బిడ్డా. వారం సంది బయటికి పోయి ఊస్తున్న. దేవుణ్ణి చూస్తే భయమైతుండె. మిమ్ముల చూస్తే సిగ్గైతాంది."

మధులత జరిగిందంతా నిర్మలాదేవికి దాచకుండా చెప్పింది. ఆఫీసర్ గోడను చూసింది, ఇద్దరి సున్నం చేతులను చూసింది. "గోడ తెల్లగనే ఉంది. బదిలీ లేదు, టైల్స్ లేవు. ఫైలు మూసెయ్యండి."

సాయంత్రం గొడుగు ఒక్కటే ఉంది. బస్టాండు దాకా ఇద్దరూ దాని కిందే నడిచారు.

"మా అమ్మను తీసుకొని మీ ఇంటికొస్త," అన్నాడు చందర్. "పెండ్లి భద్రాచలం గుళ్ళె అంటదామె. మీకేమన్న అభ్యంతరమా?"

"గుళ్ళె అయితే నాకేం అభ్యంతరం? అది దేవుడి జాగనే గదా." ఆమె కళ్ళు నవ్వాయి. "రిజిస్ట్రేషన్ మాత్రం సర్కారు ఆఫీసుల. రెండూ కలపొద్దు."

చందర్ ఈసారి వాదించలేదు.