కప్పు ఖాళీ చేసే మనిషి

ఆ శనివారం జాబేజ్ చెయ్యాల్సిన పనులు: నాన్నకి బీపీ మాత్రలు తేవాలి. చర్చిలో కుర్చీలు వెయ్యాలి. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక తెలుగువాళ్లింట్లో వాక్యూమ్ క్లీనర్ అమ్మాలి.

చివరిది జరగకపోతే షాపులో ఉద్యోగం పర్మనెంట్ కాదు. రేవులో బరువులు మోసి బతికిన తన ఇంట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే.

తలుపు తీసిన అమ్మాయి ముక్కు మీదుగా చున్నీ కప్పుకొని ఉంది. కళ్లు మాత్రమే కనిపించాయి. అవి కూడా అతన్ని కాదు, మిషన్ని చూశాయి.

"రండి దాదా," అంది, అన్నయ్యని బెంగాలీలో పిలిచినట్టు. "మా అమ్మమ్మకి ఉబ్బసం. నాకు డస్ట్ ఎలర్జీ. ఇది పనికొస్తుందో లేదో చెప్పండి, చాలు."

ఆమె పేరు కారుణ్య. అమ్మమ్మ తవిటమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

జాబేజ్ పరుపు మీద మిషను నడిపాడు. అది బ్యాగ్ లేని మోడల్. దుమ్మంతా గాజులాంటి కప్పులో గిర్రున తిరిగింది. తన ఇంటి దుమ్ము తను చూస్తే ఏ కస్టమరైనా కొంటారని షాపులో నేర్పారు. అలాగే కప్పు విప్పి పేపరు మీద కుమ్మరించాడు.

తవిటమ్మకి ఊపిరాడలేదు. కారుణ్య తుమ్ముతూనే కిటికీ తీసి ఇన్‌హేలర్ అందించింది. ఆయాసం తగ్గాక కారుణ్య అతని వైపు తిరిగింది.

"దుమ్ము తియ్యడానికొచ్చారా దాదా, తినిపించడానికొచ్చారా?"

జాబేజ్ క్షమించమని అడిగి, మిషను ఎత్తుకుని మెట్లు దిగాడు.

సోమవారం మళ్లీ వచ్చాడు, వట్టి చేతులతో. ఈలోగా ఛాతీ డాక్టరును అడిగి తెలుసుకున్నాడు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. బ్యాగ్ లేకపోయినా, ఫిల్టర్ మంచిదై, ఎక్కడా గాలి లీకవకపోతే మిషను నడిచేటప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు. ఇబ్బందంతా కప్పు ఖాళీ చేసేటప్పుడే. ఆ పని ఉబ్బసం, ఎలర్జీ లేని మనిషి ఇంటి బయట చెయ్యాలి. బ్యాగ్ ఉన్నదైతే దుమ్ము చాలావరకు సంచీలోనే ఉంటుంది, సంచీతోనే పారెయ్యొచ్చు.

"మీ ఇద్దరికీ బ్యాగ్ ఉన్నదే మంచిది. అది మా షాపులో లేదు."

"మీకు అమ్మడం రాదా దాదా?"

"వచ్చు. ఈ ఇంటికి అమ్మలేను."

చున్నీ వెనక ఆమె నవ్వినట్టు కళ్లని బట్టి తెలిసింది.

తవిటమ్మ మంచం మీంచే అడిగింది. "ఏటి బాబూ, ఆ కప్పు దులపడానికి ఓ మనిషుంటే సాలా?"

"చాలు అమ్మమ్మా."

"నీకు ఆయాసం ఉందేటి?"

"లేదు."

"మరింకేటి? ఆదివారం ఆరాధనయ్యాక ఒచ్చి దులిపెల్లు."

అలా మిషను ఆ ఇంటికి చేరింది, అతని ఉద్యోగం నిలిచింది. ప్రతి ఆదివారం జాబేజ్ మాస్కు పెట్టుకుని, మేడ మీద దుమ్ముని కవర్లో మూటకట్టి, ఫిల్టర్ కడిగి ఆరబెట్టేవాడు. కారుణ్య దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడి తప్పులు వెతికేది. తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదని ఒకరోజు ఒప్పుకుంది. ఆ తర్వాత అతను పాటల పుస్తకం తెచ్చి అక్షరాలు చూపించేవాడు.

వానాకాలంలో ఒక ఆదివారం ఇద్దరూ మేడ మెట్ల మీది రేకు కింద ఇరుక్కున్నారు. వానకి దుమ్మణిగింది. ఆమె చున్నీ దించింది. అంత దగ్గరగా ఆ ముఖాన్ని అతను చూడటం అదే మొదలు. చెప్పకూడదనుకున్న సంగతి చెప్పేశాడు: షాపులోకి బ్యాగ్ ఉన్న మోడల్ వచ్చింది, ఇది ఇచ్చి అది తీసుకోవచ్చు.

"ఇక నేను రానక్కర్లేదు. మీ ఆరోగ్యానికి అదే మంచిది."

కారుణ్య వాన వైపు చూసింది. "ఆరోగ్యానికి మంచిదే. ఆదివారాలు ఏం చెయ్యను, జాబేజ్?"

దాదా అనలేదు. అతనికి ముందుగా వినిపించింది అదే.

"బ్యాగ్ ఉన్నది తెచ్చుకున్నాక కూడా నేను వస్తే?"

"ఏం పనుందని?"

"మిమ్మల్ని చూసే పని."

"అయితే గొడుగు తెచ్చుకోండి," అంది, పుస్తకం తెరుస్తూ.

రెండు ఇళ్లవాళ్లూ పెళ్లి మాటలకి కూర్చున్న రోజు తవిటమ్మ తన పేరు కథ చెప్పింది. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఈమెను చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేసి, తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట.

"నన్ను సేటడు తవుడుకి కొన్నారు. మా గుంటని నువ్వు కప్పుడు దుమ్ముకి పట్టుకుపోతన్నావు. నీదే మంచి బేరం బాబూ."

ఇప్పుడా ఇంట్లో ఉన్నది బ్యాగ్ మిషనే. మీ ఇంట్లో కప్పున్నది ఉంటే, ఖాళీ చేసేముందు బయటికి నడవండి. నడిచేటప్పుడు తవిటమ్మని ఒక్కసారి గుర్తు చేసుకోండి.